సోని పేజీల రెండో కాపీ

మానుకోటలో కోర్టు దారిన పోయేవాళ్ళకు కళావతి జిరాక్స్ సెంటర్ తెలియకుండా ఉండదు. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసుకుంటే రాసుకోవచ్చు గానీ, నోటితో అనేటప్పుడు అందరికీ అది మానుకోటే. దుకాణం అగ్గిపెట్టంత. అందులోనే జిరాక్స్ మెషిన్, కంప్యూటరు, స్పైరల్ బైండింగ్ చేసే మర, వాటి మధ్య ఇరుక్కుని కళావతి. కులం సర్టిఫికెట్లు, కోర్టు కాగితాలు, ఉద్యోగాల దరఖాస్తులు అన్నీ ఆమె చేతుల మీదుగా పోవాల్సిందే. కళ్ళు మూసుకుని కూడా కాగితాన్ని వంకర లేకుండా గాజు మీద పెట్టగలదు.

ఆమెకు ముప్పై ఐదేళ్ళు. నర్సింహులపేట దగ్గరి లంబాడీ తండాలో పుట్టింది. ఆ తండాలో ఎంసీఏ చదివిన మొదటి ఆడపిల్ల. ఈ 'మొదటి' అనే మాట ఉంది చూశారా, చిక్కంతా దానితోనే వచ్చింది. మొదట నడిచేవాళ్ళకు వెనక నుంచి ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు వినబడిందంటే, అన్నం సహించదు.

ఆ వెనక వచ్చిన మనిషి పేరు సోని.

సోనిది కూడా అదే తండా. ఇరవై నాలుగేళ్ళు. నిరుడే ఎంసీఏ పూర్తి చేసి, జనగామలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతోంది. శనివారం సాయంత్రం రైలు దిగి, తండాకు పోయే ఆటో ఎక్కేముందు కళావతి దుకాణంలో కాసేపు కూచోవడం అలవాటు. ఇద్దరూ ఇంటి దగ్గర తండా భాషలోనే మాట్లాడుకుంటారు గానీ, దుకాణంలో గిరాకీల ముందు తెలుగే. "అక్కా" అంటూ వచ్చేది సోని. "రా బిడ్డా" అనేది కళావతి. మొన్న ఎండాకాలం దాకా ఆ పిలుపులో కల్తీ లేదు.

ఎండాకాలంలో ఒక నోటిఫికేషన్ పడింది. భూపాలపల్లిలో ఆడపిల్లల గురుకుల బడికి కంప్యూటర్ టీచర్ కావాలి. పోస్టు ఒక్కటే. రాతపరీక్ష లేదు. నాలుగు నెలల తర్వాత ఒక రోజు పిలుస్తారు, ఎనిమిదో తరగతి పిల్లల ముందు పది నిమిషాలు పాఠం చెప్పాలి. పాఠం ఏమిటో కూడా ముందే చెప్పేశారు: సార్టింగ్, సెర్చింగ్ అల్గారిదమ్‌లు. అంటే చిందరవందరగా ఉన్నవాటిని కంప్యూటరు ఎట్లా వరస పెడుతుంది, కావాల్సినదాన్ని ఎట్లా వెతుకుతుంది అని.

భూపాలపల్లి పేరు చూడగానే కళావతి దాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆమె భర్త ప్రేమ్‌చంద్ ఆరేళ్ళుగా అక్కడే, బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పని చేస్తున్నాడు. ముగ్గురు తోటివాళ్ళతో కలిసి ఒక గదిలో ఉంటాడు. పదిహేను రోజులకు ఒక ఆదివారం ఇంటికి వస్తాడు. కొడుకు మిథున్ ఇంకో ఊళ్ళో హాస్టల్లో ఆరో తరగతి. మనుషులు ముగ్గురు, ఊళ్ళు మూడు. ఈ ఉద్యోగం వస్తే అందరూ ఒక్క కప్పు కింద పడతారు. ఆ రోజే దరఖాస్తు నింపేసి, ప్రేమ్‌చంద్‌కు ఫోన్ చేసి చెప్పింది. అతను ఆ ఆనందంలో ఇల్లు వెతకడం మొదలుపెట్టేశాడు.

మూడో రోజున సోని వచ్చింది.

"అక్కా, గీ అప్లికేషన్ జర నువ్వే నింపవే. నువ్వు నింపింది ఒక్కటన్న వాపస్ వచ్చిందా ఇప్పటిదాంక?"

"ఏం పోస్టే?" అంది కళావతి స్క్రీన్ వైపు తిరుగుతూ.

"భూపాలపల్లి గురుకులం. కంప్యూటర్ టీచర్."

కళావతి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. పుట్టిన తేదీ దగ్గర ఒక్క అంకె తప్పు కొడితే చాలు, సోని దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది. ఎవరికీ తెలియదు కూడా. అంత పాపం చేయడానికి చేతులు రాలేదు. అన్నీ సరిగ్గా నింపింది, రెండుసార్లు సరిచూసింది. తానూ అదే పోస్టుకు పెట్టానని చెబితే, సోని "మంచిదే అక్కా, ఇద్దరం పోదం" అంది. కానీ ఆ పిల్ల ఆటో ఎక్కి పోయాక తాగిన నీళ్ళు కూడా చేదుగా అనిపించాయి.

ఇక పుస్తకాల వేట మొదలైంది. కళావతి చదువు ముగిసి పన్నెండేళ్ళు. అప్పటి నోట్సులు చెదలు తిన్నాయి. హనుమకొండలో ఒక పుస్తకాల షాపుకు పోయి అడిగితే, అతను దుమ్ము దులిపి ఒక గైడు ఇచ్చాడు. అందులో వరస పెట్టిన తర్వాత వచ్చే అంకెలంటూ అచ్చు వేశారు. చూస్తే తొమ్మిది తర్వాత ఏడు ఉంది! వరస పెట్టడం నేర్పే పుస్తకమే వరస తప్పితే చదివేవాళ్ళ గతి ఏం కాను? ఫోన్‌లో వీడియోలు చూసింది. వాటిలో చెప్పేవాళ్ళు రైలు తప్పిపోతున్నట్టు ఉరుకుతారు, ఆపితే ఎక్కడ ఆపామో గుర్తుండదు. ఇంగ్లీషు చదివి తెలుగులోకి మార్చుకుని, దాన్ని మళ్ళీ మనసులో తండా మాటలోకి దింపుకునేసరికి తల దిమ్మెక్కేది. ఏ పుస్తకం మంచిదో చెప్పే మనిషి కావాలి. అడగాలంటే చుట్టుపక్కల ఒక్క సోనియే ఉంది. సోనిని అడగడమా? ప్రాణం పోయినా అడగదు.

అడగకుండానే దారి దొరికింది.

తర్వాతి శనివారం సోని ఎర్ర అట్ట ఉన్న లావు పుస్తకం ఒకటి తెచ్చింది. జనగామ గ్రంథాలయంలోది. "అక్కా, గీ పేజీలు కొట్టియ్యి" అని మధ్యలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టిన చోట్లు చూపించి, చాయ్ తెస్తానని ఎదురుగా హోటల్‌కు పోయింది. కళావతి పుస్తకం బోర్లించి మూత వేసింది. కాపీలు ఎన్ని అని అడిగే చోట ఒకటి ఉంది. ఆమె వేలు రెండు నొక్కింది.

ఒక కాపీ సోనికి. రెండోది సొరుగులోకి.

దొంగతనమా అంటే, కాగితం తనదే, సిరా తనదే. కానీ చాయ్ గ్లాసులతో సోని తిరిగి వస్తుంటే కళావతి సొరుగును మోకాలితో గట్టిగా నెట్టింది. అయినా మరుసటి వారం మళ్ళీ రెండు నొక్కింది. నీలం అట్ట పుస్తకంలోవి పద్నాలుగు పేజీలు. ఆపై వారం ఇంకో పుస్తకంలోవి తొమ్మిది. సోని ఏ పేజీ ఏరితే ఆ పేజీ. గ్రంథాలయం మొత్తం జల్లెడ పట్టి ఆ పిల్ల ఏరిన గింజలు తన సొరుగులో పడుతున్నాయి. ఇంతకంటే ఏం కావాలి?

ఇబ్బందల్లా చదవబోతే వచ్చేది. ఒక్క ముక్క కొరుకుడు పడేది కాదు. క్విక్ సార్ట్ అట. ఎన్ని అంకెలుంటే ఎంత సేపు పడుతుందో లెక్క కట్టే సూత్రాలు, వాటి పక్కన లాగరిథమ్‌లు, వాటి కింద చీమల బారులాంటి గుర్తులు. 'ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఇట్లాంటి పేజీలు ఏరుకుని మరీ చదువుతోందా!' అనుకుని ఆ కాగితాలను సొరుగులో విసిరికొట్టేది. సోని నవ్వితే ఓర్వలేకపోయేది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని వస్తే, 'ఎక్కువ చదివి కళ్ళు పోయినయ్‌రా దేవుడా, నాకు పోలేదే' అని అందుకూ కుళ్ళుకునేది.

ఒక శనివారం సోని చేతిలో సన్నటి పుస్తకం ఒకటి కనబడింది. అట్ట ఊడిపోతే ఎవరో పాత క్యాలెండర్ కాగితంతో కుట్టారు. పేరు కూడా సరిగ్గా కనబడదు. ఎవరో పాలిటెక్నిక్ సారు తెలుగులో రాసి అచ్చు వేయించుకున్నదట.

"దీంట్ల ఎన్ని పేజీలు కొట్టాలె?" అంది కళావతి చేయి చాపుతూ.

"ఒక్కటి గూడ వద్దక్కా. రైల్ల వచ్చుకుంటనే సదివిన, అయిపోయింది. నువ్వు సదువుతవా? మస్తుంటది. సోమారం దాంక ఉంచుకో, నేను పోంగ తీస్కపోత."

కళావతి ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది. ఏదో కథల పుస్తకంలా బొమ్మలు. మనసులో చకచకా లెక్క వేసింది. లావు పుస్తకాలకు జిరాక్స్ కావాలి, దీనికి వద్దు. అంటే ఇందులో దాచుకోదగ్గది ఒక్క పేజీ కూడా లేదు. లేనిది తనకెందుకు అంటగడుతున్నట్టు? పోస్టు ఒక్కటే అని ఆ పిల్లకూ తెలుసు కదా!

"నాకు తీరదే. గిరాకీ ఎక్కువున్నది" అని తిరిగి ఇచ్చేసింది. సోని ఆటో ఎక్కిన తర్వాత, "పొట్టు నాకిచ్చి గింజలు నువ్వు తింటవా బిడ్డా?" అని మెషిన్‌తో అంది. వినడానికి అదొక్కటే ఉంది మరి.

అక్కడితో ఊరుకుందా? లేదు. సోని ఇంకా ఏమేం చదువుతోందో, తనకు చూపించకుండా ఏం దాస్తోందో తెలుసుకోవాలనిపించింది. ఒక బుధవారం దుకాణం మూసి, పొద్దుటి రైలుకు జనగామ పోయింది. సోని బడిలో ఉండే వేళ చూసుకునే పోయింది.

గ్రంథాలయంలో రాజయ్య అని పెద్దాయన కూచున్నాడు. చెవి దగ్గర పెన్సిల్, ముందు రిజిస్టరు.

"సార్, సార్టింగ్ సెర్చింగ్ నేర్చుకునే పుస్తకాలు కావాలె" అని, గొంతు తగ్గించి, "సోని అని ఒక పిల్ల తీస్కపోతది గదా, గవే" అంది.

"ఆ లంబాడ బిడ్డనా? మంచి పిల్ల. నీకేమైతది?"

"చెల్లె అయితది" అంది కళావతి. అంటూనే చూపు రిజిస్టరు వైపు తిప్పుకుంది.

రాజయ్య లేచి నాలుగు పుస్తకాలు బల్ల మీద పేర్చాడు. ఎర్రది, నీలంది, ఇంకో లావుది, క్యాలెండర్ అట్ట సన్నది.

"బిడ్డా, నాకు కంప్యూటర్ రాదు. కానీ ఏ పుస్తకం మంచిదో చెప్పమంటే చెప్త. గిటు సూడు." ఎర్ర పుస్తకాన్ని నిలబెట్టి, పేజీల అంచులు చూపించాడు. మొదట ఒక వేలి మందాన అంచులు మాసి నల్లగా ఉన్నాయి. ఆ తర్వాతంతా తెల్లగా, అచ్చాఫీసు నుంచి వచ్చినట్టే. "సదివెటోళ్ళందరు గీడిదాంక వచ్చి ఆగిపోయిన్రు. మనిషి వేలు తగిలినకాడల్ల మట్టి అంటుతది. ఇగ గిది సూడు." సన్న పుస్తకం నిలబెట్టాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంచులు ఒకే తీరుగా మాసిపోయి ఉన్నాయి. "ఒక్కలన్న నడిమిట్ల ఇడిసిపెట్టలే. గిది తీస్కపో."

ఆయన చెప్పింది సబబే. కళావతికి ఆ మాసిన అంచులు కళ్ళారా కనబడుతూనే ఉన్నాయి. ఇంకెవరైనా చెప్పి ఉంటే ఆ పుస్తకం చంకన పెట్టుకుని వచ్చేదేమో. కానీ ఆ ముందే సోని నోటి నుంచి విన్నది కదా, 'మస్తుంటది' అని! సోని మెచ్చి తనకివ్వజూపిన పుస్తకం మంచిదెట్లా అవుతుంది?

"నాకు లావుదే కావాలె సార్."

"మోయలేవు బిడ్డా."

"మోస్త."

రిజిస్టరులో రాయబోతూ ఊరు అడిగి, పొరుగు జిల్లావాళ్ళకు పుస్తకం ఇంటికి ఇవ్వబోమన్నాడు రాజయ్య. సరే, అక్కడే కూచుని చదువుకుంటానని, సాయంత్రం రైలు వేళ దాకా ఎర్ర పుస్తకం ముందు కూచుంది. సోని గుర్తులు పెట్టిన చోట్లు మాత్రం వెతికి వెతికి చూసింది. ఆ గుర్తులన్నీ తెల్ల అంచుల వైపే ఉన్నాయి. 'చూశావా, ఎవ్వరూ పోనికాడికి పోయింది!' అని ఇంకా మండిపోయింది.

ఆ మంటతోనే చదివింది. నిజం చెప్పుకోవాలి, కసి కూడా ఒక రకం మాస్టారే. రెండు నెలల పాటు, గిరాకీ లేని ప్రతి నిమిషం, ఆ రెండో కాపీల మీద పడి కొట్టుకుంది. స్పైరల్ వేసి కట్టింది. ఒక్కో వాక్యాన్ని పదిసార్లు రాసుకుంది. అంకెలు కాగితం ముక్కల మీద రాసి బల్ల మీద జరుపుతూ చూసింది. నెలన్నరకు క్విక్ సార్ట్ లొంగింది. ఇంకో వారానికి దాని లెక్క కూడా కాస్త దారికొచ్చింది. దారికొచ్చిన రోజున ఎగిరి గంతేయాల్సింది పోయి, 'సోనికి ఇది ఎప్పుడో వచ్చి ఉంటది' అనుకుని మూతి ముడుచుకుంది.

పాఠం చెప్పాల్సిన రోజు రానే వచ్చింది. ముందురోజే హనుమకొండలో బంధువుల ఇంట్లో దిగి, పొద్దున్నే భూపాలపల్లి బస్సెక్కింది. బస్టాండ్‌లో ప్రేమ్‌చంద్ ఉతికిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. బడికి పోయే ముందు, "రెండు నిమిషాలే కళా" అని బతిమాలి ఒక సందులోకి తీసుకుపోయాడు. రెండు గదుల ఇల్లు. ముందు చిన్న వసారా, పక్కన నల్లా. కిటికీ చెక్క మీద పేరుకున్న బొగ్గు పొడిని తనే తుడిచినట్టున్నాడు, చేతి గుర్తులు ఇంకా ఉన్నాయి.

"ఓనరుకు మాటిచ్చిన. సాయంత్రం నువ్వు ఊఁ అంటే తాళం మనదే" అన్నాడు. "మిథున్ గాడు గీ కాడ సదువుకుంటడు. నువ్వు గీ కాడ..."

"రానియ్యవయ్యా ముందు" అంది కళావతి. అంటూనే పొయ్యి గట్టు ఎత్తు సరిపోతుందో లేదో చేత్తో చూసుకుంది.

బడిలో వచ్చినవాళ్ళు ఏడుగురు. గది వెనక బెంచీలో హెడ్మిస్ట్రెస్, ఇంకో ఇద్దరు. ముందు నలభై మంది ఎనిమిదో తరగతి ఆడపిల్లలు, రెండు జడలు, ఆకుపచ్చ రిబ్బన్లు. పాఠం చెప్పేవాళ్ళు చెబుతుంటే మిగిలినవాళ్ళు వెనక కూచుని వినొచ్చు.

కళావతిని మూడో పేరుగా పిలిచారు. సోని ఆరో పేరు. ముందే తాను దెబ్బ కొట్టాలని నిర్ణయించుకుంది కళావతి. బోర్డు మీద 'క్విక్ సార్ట్' అని రాసి మొదలుపెట్టింది. ఎర్ర పుస్తకం పేజీ పేజీ కళ్ళ ముందు కదిలింది. ఒక్క తప్పు లేకుండా చెప్పింది. సూత్రం రాసింది. లాగరిథమ్ తెచ్చింది. మధ్యలో ఒక్కసారి పిల్లల వైపు కాకుండా వెనక కూచున్న సోని వైపు చూసింది. సోని నోరు తెరుచుకుని చూస్తోంది! కళావతికి ఏనుగెక్కినంత సంబరమైంది. ముందు బెంచీలో ఒక పిల్ల ఆవలిస్తూ రిబ్బను కొస నములుతున్నది మాత్రం ఆమె కంటపడలేదు.

"ఏమన్నా అడుగుతారా?" అని హెడ్మిస్ట్రెస్ పిల్లలను అడిగింది. నలభై మందిలో ఒక్క చెయ్యి లేవలేదు.

మరో ఇద్దరి తర్వాత సోని వచ్చింది. బోర్డు వైపే పోలేదు.

"పొద్దుగాల టిఫిన్ కాడ మీ కంచం దొరకవట్టనీకి ఎంతసేపు పట్టింది?" అంది.

పిల్లలు ఒక్కసారిగా గొల్లుమన్నారు. హాస్టల్ అన్నాక ప్రతి కంచం మీదా ఒక నంబరు చెక్కి ఉంటుంది. కడిగిన కంచాలన్నీ ఒకే దొంతరగా పెడతారు. ఎవరి కంచం వాళ్ళు వెతుక్కునేసరికి ఉప్మా చల్లారిపోతుంది.

"టీచర్, నాది అడుగున ఉండే! అన్ని తీసి సూసిన!"

"అన్ని తీసి సూసుడు ఒక తీరు సెర్చింగ్. మరి నంబర్ల వరస ప్రకారం పెట్టి ఉంటే?"

"సగంల చెయ్యి పెడత టీచర్! నాది ముప్పై ఏడు. సగంల ఇరవై వస్తే పైవి ఇగ సూడనే సూడ!"

"గదే. మిగిలిన దాంట్ల మల్ల సగం. గిప్పుడు చెప్పుండ్రి, ముందుగాల వరస పెట్టుడు ఎందుకు?"

గదంతా చేతులు లేచాయి. రిబ్బను నమిలిన పిల్ల బెంచీ మీదికే ఎక్కింది. పది నిమిషాలు అయిపోయాయని చెప్పినా పిల్లలు సోనిని వదల్లేదు.

కళావతి కూడా ఏడేళ్ళు హాస్టల్ కంచంలోనే తిన్నది. తన నంబరు అరవై రెండు. ఆ కంచాల దొంతర తనకు తెలియనిదా? తెలిసి ఉండి తనకెందుకు తట్టలేదు? తన పాఠం తప్పని కాదు ఆమె బాధ. కంచాల పాఠం సోనిదైందని.

మూడు గంటలకు కాగితం అంటించారు. ఒక్కటే పేరు. సోని.

గేటు బయట ప్రేమ్‌చంద్ కళావతి మొహం చూడగానే అడగడం మానేశాడు. ముగ్గురూ ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్‌కి కూచున్నారు. సోని మాత్రం సంతోషం పట్టలేక మాట్లాడుతూనే ఉంది.

"అక్కా, నువ్వు క్విక్ సార్ట్ చెప్పినవ్ గదా, నా దిమాక్ ఖరాబైంది! గది నీకెట్ల వచ్చిందే? నాకు సచ్చినా అర్థం కాలే. గందుకే గదా ఆ పేజీలన్ని నీ తాన కొట్టిచ్చుకున్న."

కళావతి చేతిలో గ్లాసు ఆగింది. "గందుకేనా? అంటే?"

"అర్థమైన పేజీలు కొట్టిచ్చుకుని ఏం జేస్తక్కా? సదివి పుస్తకం వాపస్ ఇస్త. అర్థం కానియే కొట్టిచ్చి దాచుకున్న, ఎవరన్న తెలిసినోళ్ళు దొరికితే అడుగుదమని. మొత్తం అరవై దాంక అయినయ్. గా సన్న పుస్తకమొక్కటే ఫుల్లు అర్థమైంది. కంచాల ముచ్చట గా పుస్తకంలదే. నీకిస్తే నువ్వు ఒల్లన్నవ్."

చాయ్ మీద మీగడ కడుతోంది. కళావతి దాన్నే చూస్తూ కూచుంది. సోని వదిలేసిన తౌడును రెండు నెలలు దంచి దంచి తిన్నది తానన్నమాట! గింజలున్న చేట చేతికిస్తే, అనుమానంతో అవతలికి నెట్టింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అడగనైనా అడగలేదే ఒక్క మాట, 'ఈ పేజీలే ఎందుకే' అని! అడిగితే తన పరువు పోతుందనుకుంది.

అప్పుడు ప్రేమ్‌చంద్ నోరు తెరిచాడు. పాపం, మంచి మనిషి. మంచివాళ్ళకు ఎప్పుడు ఏ మాట అనాలో తెలియదు.

"సోనీ, నువ్వు గీడ ఏడుంటవ్ మరి?"

"చూడాలె బావా. ఇంకా ఏం అనుకోలే."

"రెండు గదుల ఇల్లున్నది. మేం తీసుకుందమనుకున్నం. గిప్పుడు మాకు అక్కెర లేకపాయె, నీకు ఇప్పిస్త. నల్లా గూడ ఉన్నది."

"ఇయ్యొద్దు!" అంది కళావతి.

హోటల్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"ఏమైందే?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"పోస్టు దానిదైంది. సరే. పాఠం దానిదైంది. సరే. నేను చేత్తోని కొలుసుకున్న పొయ్యి గట్టు మీద ఇంకొకళ్ళు అన్నం వండుడు నేను చూడలేను. గా ఇల్లు నాది. పోయి తాళం తీస్కో."

"మరి నీ దుకాణం?"

"కోర్టు మానుకోటల్నే ఉన్నదా? గీడ లేదా? దరఖాస్తులు పెట్టెటోళ్ళు గీడ లేరా? మెషిన్ ఇటే తెస్త."

ప్రేమ్‌చంద్ ఆమెను పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. "గదే గదా నేను మూడేండ్ల కింద చెప్పిన. ఎంసీఏ చేసినదాన్ని, జిరాక్సులు కొట్టనీకి ఊరు మారాల్నా అని మొత్తుకున్నవ్!"

"అప్పుడు దాని తాన ఈ ఉద్యోగం లేకుండె" అంది కళావతి. అనేశాక అదేం జవాబో తనకే అర్థం కాలేదు. కానీ ప్రేమ్‌చంద్‌కు జవాబుతో పని లేదు. చాయ్ సగంలో వదిలేసి, ఓనరు ఎక్కడ ఇంకెవరికైనా ఇచ్చేస్తాడోనని సందులోకి ఉరికాడు. ఆరేళ్ళలో అతను అట్లా పరుగెత్తడం ఆమె చూడలేదు. ఒక్క క్షణం సోనిని మరిచిపోయింది.

సోని మెల్లగా అంది. "నాకు ఇల్లొద్దు తియ్యక్కా. బడిలనే క్వార్టర్ ఇస్తరంట. నామీద గంత కోపమెందుకే?"

కళావతి లేచి చాయ్ డబ్బులు కట్టింది.

హనుమకొండ బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. పరకాల దాటాక కళావతి ఏమనుకుందో ఏమో, సంచిలోంచి స్పైరల్ కట్టిన పేజీలు తీసి సోని ఒళ్ళో పడేసింది.

సోని తిరగేసింది. మొదటి పేజీలోనే తను పెన్సిల్‌తో పెట్టిన ప్రశ్న గుర్తు. రెండో దాంట్లో, మూడో దాంట్లో కూడా.

"అక్కా! గివి నా పేజీలు గదా? నీ తాన ఎట్ల..." అని ఆగింది. లెక్క తేలినట్టుంది. కళ్ళు పెద్దవయ్యాయి. "ప్రతిసారి రెండు కొట్టినవా?"

"కొట్టిన."

"గీ ప్రశ్న గుర్తులన్న సూడలేదా అక్కా? అర్థం కాలేదని పెట్టుకున్నయి గవి!"

"నాకేమెరుక? ముఖ్యమైన ప్రశ్నలు అనుకున్న."

సోని ముందు చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక, సీటు కమ్మీ పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. ముందు సీట్లో ముసలామె వెనక్కి తిరిగి, "ఏమైంది బిడ్డా?" అని అడిగేంతగా నవ్వింది. తిట్టినా బాగుండేది అనుకుంది కళావతి. తనకు ఇంత కుళ్ళు ఉంటే, ఈ పిల్లకు ఇసుమంతైనా లేదే! అందుకు కూడా ఒళ్ళు మండింది.

నవ్వు తగ్గాక సోని కళ్ళు తుడుచుకుని, తండా భాషలోకి మారి, బతిమాలుతున్నట్టు అడిగింది. నీకు ఇవన్నీ వచ్చు కదా, ఆ క్విక్ సార్ట్ ఒక్కటి చెప్పవా, పెద్ద తరగతులకు అది కూడా చెప్పాలట అని.

చెప్పొద్దనుకుంది కళావతి. అయిదు నిమిషాలు కిటికీలోంచి పత్తి చేలు చూసింది. కానీ రెండు నెలలు కష్టపడి నేర్చుకున్నది ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుని తిరగడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. టికెట్ వెనకవైపు తిప్పి పెన్ను తీసింది. ఆమె కూడా తండా భాషలోనే చెప్పింది. ఇట్లాంటి సంగతి ఆ భాషలో చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. ఒక మనిషిని పట్టుకో. ఆ మనిషి కంటే పొట్టివాళ్ళంతా ఎడమకు, పొడుగువాళ్ళంతా కుడికి. ఆ మనిషి చోటు ఖాయం, ఇక కదిలేది లేదు. ఇప్పుడు ఎడమ గుంపులో ఇంకొకరిని పట్టుకో, మళ్ళీ అదే పని. కుడి గుంపులో కూడా అదే పని. ఎప్పుడూ మొదట నిలబడ్డవాణ్ణే పట్టుకుంటే మాత్రం ఒక చిక్కుంది. వాళ్ళు ముందే వరసలో ఉన్నారనుకో, ఎడమ దిక్కు ఒక్కడూ ఉండడు, మంది అంతా కుడి దిక్కే మిగులుతారు, పని తగ్గనే తగ్గదు. ఆ పెద్ద సూత్రం చెప్పేది ఇదే.

సోని టికెట్ చేతిలోకి తీసుకుని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. పెదవులు కదిలాయి.

"గింతేనా అక్కా?" అంది తెలుగులో. "నడిమిట్లోన్ని పట్టుకుంటే గా చిక్కు తీరుతది గదా మరి?"

నిజమే, తీరుతుంది. ఎర్ర పుస్తకంలో రెండు పేజీల తర్వాత సరిగ్గా ఆ మాటే ఉంది. ఆ రెండు పేజీలు దాటడానికి కళావతికి పదకొండు రోజులు పట్టింది. ఈ పిల్లకు తట్టేసరికి బస్సు ఒక్క స్టేజీ కూడా దాటలేదు.

కళావతి సోని ఒళ్ళోంచి స్పైరల్ లాక్కుని, చివరి నుంచి పేజీలు వెనక్కి తిప్పింది. తనకు ఇప్పటికీ కొరుకుడు పడని పేజీ దగ్గర ఆగి, ఆమె ఒళ్ళో పెట్టింది.

"గిది చెప్పు చూద్దాం. గిది గంత అల్కగ రాదు నీకు."